బొత్తాలావిడ ఇంట్లో ఆడ వస్తువులూ మగ వస్తువులూ

ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఆ బట్టల ఫ్యాక్టరీలో ఒక్కరూ మిగల్లేదు. ఇరవై రెండేళ్లుగా చొక్కాలకి బొత్తాలు కుడుతూ కూర్చోవడంతో అందరికీ బొత్తాలావిడే అయిపోయింది. చిన్నవాళ్లు బొత్తాలక్కా అంటారు, పెద్దవాళ్లు ఏమ్మా బొత్తాలూ అంటారు. ఎలా పిలిచినా పలుకుతుంది. పలకడమంటే తలెత్తి చూడటమే, ఈ ఎనిమిది నెలలుగా.

ఎనిమిది నెలల కిందట ఆవిడ మొగుడు పోయాడు. బస్సుల షెడ్డులో మెకానిక్కు. పొద్దున్న పదిన్నరకి టీ గ్లాసు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నవాడు అలాగే గోడకి ఒరిగిపోయాడు. టీ చుక్క కూడా ఒలకలేదమ్మా అని చెప్పారు షెడ్డువాళ్లు, అదేదో ఊరటైనట్టు. షెడ్డులో ఉన్న ఆయన వస్తువులన్నీ ఒక జిప్పు సంచీలో పెట్టి తెచ్చిచ్చారు. ఆవిడ అందుకుని తలుపు వెనక పెట్టింది. అంతే. సంచీ అక్కడే ఉంది. రోజూ దాని చుట్టూ ఊడుస్తుంది.

ఏడవలేదు. వీధిలోవాళ్లు మొదటి వారం ఎదురుచూశారు, రెండో వారం చెవులు కొరుక్కున్నారు, మూడో వారానికి ఎవరి గొడవల్లో వాళ్లు పడ్డారు. పాపం రాయైపోయింది అన్నారు కానీ, రాయైతే ఎండకి వేడెక్కుతుంది. పన్ను పీకేముందు సూదిమందు వేస్తే దవడ ఎలా ఉంటుంది? ఉందని తెలుస్తుంది, మనదిలా ఉండదు. ఆవిడకి ఒళ్లంతా అలా ఉంది. కూరలో ఉప్పు లేదు అంటే "అవునా" అనేది. ఉప్పు ఎక్కువైంది అన్నా "అవునా" అనేది.

ఆ ఉప్పు మాట అనేది ఎవరంటే, అత్తగారు. ఆ రెండు గదుల ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. పెద్దావిడకి డెబ్భై ఆరు. మోకాళ్లు అరిగాయి గానీ నాలుక అరగలేదు. అలాంటి మనిషి కూడా కొడుకు ఊసు ఎత్తడం మానేసింది. కోడలు ఎత్తడం లేదు గదా అని ఆవిడ, అత్తగారు ఎత్తడం లేదు గదా అని ఈవిడ. ఒకరి కోసం ఒకరు నోరు మూసుకుని కూర్చున్నారు.

మన భాషలో ఒక తమాషా ఉంది. కోడలు వచ్చినా "వచ్చింది", బస్సు వచ్చినా "వచ్చింది", నీళ్ల పంపు పాడైనా "పాడైంది", అత్తగారు అలిగినా "అలిగింది". ఇంట్లో మగవాడుంటేనే లేచాడు, తిన్నాడు, వచ్చాడు అనే మాటలు పుడతాయి. ఆ ఇంట్లో ఎనిమిది నెలలుగా ఆ మాటలు పుట్టలేదు. పాలవాడి మీద తిట్లకి తప్ప వాటితో పని పడలేదు.

సరే, ఇంతలో ఫ్యాక్టరీలో ఒక ముసలం పుట్టింది.

వాళ్ల చొక్కాలు వెళ్లేది స్పానిష్ మాట్లాడే దేశానికి. లేబుళ్ల గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎవరో చెప్పగా నాలుగు ముక్కలు స్పానిష్ పట్టుకున్నాడు. వాళ్ల భాషలో ప్రతి వస్తువూ ఆడదో మగదో అయి తీరుతుందనీ, చొక్కా ఆడదనీ ఆయనకి తెలిసింది. ఇంకేం, కాగితం మీద చొక్కా అన్న మాట కనిపించిన పెట్టెలన్నీ ఆడవాళ్ల సరుకు వైపు తోసేశాడు. నలభై పెట్టెల మగచొక్కాలు ఆడవాళ్ల దుకాణాలకి వెళ్లాయి. సగం తెలివి సంతకి పోతే ఇంతే అని ఫ్యాక్టరీ అంతా నవ్వింది, యజమాని తప్ప. పెద్దాయనని గోడౌనుకి మార్చారు. లేబుళ్ల గదిలో కుర్చీ ఖాళీ అయింది. కావలసినవాళ్లు సాయంత్రం షిఫ్టు అయ్యాక ఒక గంట స్పానిష్ నేర్చుకోవచ్చు, రెండు నెలల తర్వాత కొనుగోలు కంపెనీ నుంచి వచ్చే ఆవిడే పరీక్ష పెట్టి ఒకరిని తీసుకుంటుంది అని నోటీసు పెట్టారు.

అదే వారంలో ఇంకో నోటీసు కూడా పెట్టారు. బొత్తాలు కుట్టే కొత్త మెషీను వస్తోంది. బొత్తాల బల్ల ఎత్తేస్తారు. ఆ బల్ల మీద ఉన్నవాళ్లలో పడుచువాళ్లని కుట్టు వైపు సర్దుతారట. బొటనవేలి కీలు పట్టేసి, చత్వారం కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లని ఏం చేస్తారో నోటీసులో రాయలేదు. రాయకపోయినా అందరికీ అర్థమైంది.

అంటే లేబుళ్ల గదిలో కుర్చీ, లేదా ఇంటి గడప. బొత్తాలావిడకి ఇంకో దారి లేదు. పెద్దావిడ మందులూ, ఇద్దరి తిండీ ఆ చేతుల మీదే నడుస్తున్నాయి. ఇది తెలిసి కూడా ఆవిడకి గుండె దడదడలాడలేదు. వెళ్లి పేరు రాయించింది. అంతే.

క్లాసు భోజనాల గదిలో. వచ్చింది తొమ్మిదిమంది. మాస్టారు సన్నగా వెదురుబద్దలా ఉంటాడు, ఓడల మీద పదేళ్లు వంట చేసి వచ్చినవాడు. స్పానిష్ అక్కడే పట్టుబడిందట. ఆయనది ఒకటే నియమం: వస్తువు చేతిలో లేకుండా దాని పేరు నోట్లో ఉండకూడదు.

"వంటింట్లో ఉల్లిపాయ కనపడకుండా ఉల్లిపాయ అని అరిస్తే ఎవరు తెచ్చిస్తారమ్మా? ముందు పట్టుకోండి. తిప్పి చూడండి. అప్పుడు పలకండి. ఆడదైతే ముందు లా, మగదైతే ఎల్. లా మేసా, బల్ల. ఎల్ వాసో, గ్లాసు."

కత్తెరమ్మాయి చెయ్యెత్తింది. చొక్కాల దారాలు కత్తిరించే పిల్ల, పాదరసం లాంటిది, బొత్తాల బల్ల మీద కూడా బొత్తాలావిడ పక్కనే కూర్చునేది. "బల్ల ఆడదని ఎవరు చూశారు మాస్టారూ?"

"ఎవరూ చూడలేదు. అలా పుట్టింది."

"మరి సూదీ?"

"లా అగూఖా. ఆడది. దారం ఎల్ ఈలో. మగాడు."

"ఇది మాత్రం సరిపోయింది," అంది కత్తెరమ్మాయి. "సూది ఎటు లాగితే దారం అటు."

గది గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వి, "బొత్తాం అచ్చం మన మాటలాగే ఉంటుంది. ఎల్ బొతోన్. మగాడు. చొక్కా లా కమీసా, ఆడది," అన్నాడు.

"అయితే బొత్తాలక్క ఇరవై రెండేళ్లుగా ఆడవాళ్లకి మగాళ్లని కట్టబెడుతోందన్నమాట. పెళ్లిళ్ల పేరమ్మే."

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ కూడా నవ్వాలని పెదాలు సాగదీసింది. ఎంత సాగాయో ఆవిడకి తెలియలేదు.

ఇంటికొచ్చి చదవబోతే పుస్తకంలో అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి గానీ బుర్రలోకి దిగడం లేదు. వినే మనిషి లేక మాట నిలవడం లేదేమో అనుకుంది. నాలుగో రోజు అత్తగారే మంచం మీంచి అడిగింది.

"ఏమిటే ఆ గొణుగుడు? లా అంటావు, ఎల్ అంటావు. పక్కింటావిడ నన్ను పిలిచి అడిగింది, మీ కోడలు బాగానే ఉందా అని."

"పరీక్ష అత్తయ్యా. వస్తువులు ఆడా మగా తెలియాలి."

"వస్తువులకా?" పెద్దావిడ మంచం పక్కన చేతికందింది తీసుకుంది. "నేను పట్టుకుంటాను, నువ్వు చెప్పు. ఇదీ?"

"చెంచా. లా కుచారా. ఆడది."

"అవును మరి, గిన్నెలో దిగి చచ్చేది అదేగా. ఇదీ?"

"చాకు. ఎల్ కుచీయో. మగాడు."

"వేళ్లు కోస్తాడు, సరే. ఈ కుర్చీ?"

"ఆడది."

"మంచం?"

"ఆడది. లా కామా."

"అందరూ మీదెక్కి కూర్చునేవన్నీ ఆడవే. ఆ భాష పెట్టినవాడు తెలివైనవాడే. మరి గడియారం?"

"ఎల్ రెలోఖ్. మగాడు."

"గోడ మీద కూర్చుని అందరినీ తొందరపెట్టడం తప్ప పనేముంది వాడికి," అంది పెద్దావిడ. ఆ "వాడికి" అన్న మాట గదిలో కాసేపు నిలబడింది. ఇద్దరూ గడియారం వైపే చూస్తూ ఉండిపోయారు.

ఆ రోజు నించీ అదే పని. సాయంత్రం టీ తాగుతూ, ఆదివారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ. రానురాను పెద్దావిడకి స్పానిష్ మాటలు పట్టుబడలేదు గానీ ఎవరు ఆడో ఎవరు మగో బాగా పట్టుబడింది. పిలుపులు కూడా మారిపోయాయి. "గ్లాసు ఎక్కడికి పోయాడు?" అనేది. "చాకు మొద్దుబారాడే, సానపట్టించు." "వాడిని బోర్లించకు, తడి ఆరడు." చూడవచ్చిన పక్కింటావిడ "ఎవరండీ తడి ఆరనివాడు?" అంటే "మా గ్లాసు" అంది పెద్దావిడ, అందులో వింతేముందన్నట్టు. పక్కింటావిడ వచ్చిన పని మర్చిపోయి వెళ్లిపోయింది. సాయంత్రానికి వీధంతా ఈ ఇంట్లో గ్లాసు మగాడని తెలిసిపోయింది.

బొత్తాలావిడ అన్నిటికీ జవాబు చెప్పేది. తప్పులు తగ్గాయి. సంతోషంగా ఉందా అంటే అదీ లేదు. చేతిలో వస్తువు బరువు మాత్రం తెలిసేది. చెంచా ఇంత, గ్లాసు ఇంత.

నెలన్నర గడిచాక ఒక శనివారం మాస్టారు కొత్త జాబితా ఇచ్చాడు. మనిషి ఒంటి మీద ఉండేవి. చొక్కా, పంట్లాం, బెల్టు, చేతిరుమాలు, కళ్లద్దాలు, దువ్వెన, బూట్లు. "ఆడవాళ్ల బట్టలు కాదు, మగవాళ్లవే కావాలి. పరీక్షలో వచ్చేవి అవే. ఇంట్లో మగవాళ్లవి పట్టుకుని చెప్పండి. గుర్తుందిగా, చేతిలో లేకుండా నోట్లో వద్దు."

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆవిడ జాబితా బల్ల మీద పెట్టింది. అత్తగారికి చదివి వినిపించింది. ఇద్దరూ తలుపు వైపు చూడలేదు. చూడలేదంటే, చూడకుండా ఉండటానికి కష్టపడ్డారు.

"ఎదురింటివాళ్లని అడిగి తేనా?" అంది కోడలు.

"ఏమని అడుగుతావు? మీ ఆయన పంట్లాం ఒక గంట ఇవ్వండీ అనా?"

కోడలు జాబితా మడిచి మళ్లీ విప్పింది.

"తీసుకురా," అంది పెద్దావిడ.

సంచీ తెచ్చి మంచం మీద పెట్టింది. జిప్పు సగంలో పట్టేసింది. బొటనవేలు నొప్పెట్టింది. రెండో చేత్తో లాగింది. షెడ్డు గ్రీజు వాసన కొంచెం వచ్చింది, ఎక్కువ రాలేదు, పది నెలలు కావస్తోంది గదా. పెద్దావిడ ముందు చెయ్యి పెట్టింది.

"ఇదీ?"

"చొక్కా. లా కమీసా. ఆడది."

"ఆడదా?" నీలం షెడ్డు చొక్కా, జేబు మీద నూనె మరక. "వాడు వేసుకున్నది ఆడదా?"

"చొక్కాలన్నీ అంతే అత్తయ్యా. వేసుకున్నవాళ్లు ఎవరైనా."

పెద్దావిడ మడతపెట్టి ఒడిలో ఉంచుకుంది. "ఇదీ?"

"బెల్టు. ఎల్ సింతురోన్. మగాడు."

బెల్టుకి చివర్న ఒక చిల్లు ఎక్కువ ఉంది. సన్నబడ్డాక మేకుతో తానే పొడుచుకున్న చిల్లు, వంకరగా ఉంది. ఆ చిల్లులోంచి కోడలు వేలు తీయలేదు కాసేపు.

"ఇదీ?"

"దువ్వెన. ఎల్ పెయినే."

"ఇవీ?"

"కళ్లద్దాలు. లాస్ గాఫాస్. ఆడవి. రెండు గదా, అందుకని లాస్."

"ఒక పుల్లకి దారం చుట్టాడు."

"ఊఁ. నన్నే చుట్టిపెట్టమన్నారు. రేపు రేపంటూ నేను చుట్టలేదు. ఆయనే చుట్టుకున్నారు."

ఇన్ని నెలల్లో ఆయన గురించి ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది. వచ్చినందుకు ఏమీ జరగలేదు. గోడలు కూలలేదు. పెద్దావిడ అడుగుతూనే పోయింది, కోడలు చెబుతూనే పోయింది. రుమాలు మగాడు. పంట్లాం మగాడు. బూట్లు ఇద్దరూ మగాళ్లే, ఒకడి మడమ అరిగింది. జాబితా పూర్తయ్యాక మొదటి నించి ఇంకోసారి చెప్పించింది పెద్దావిడ. ఆ తర్వాత ఇంకోసారి. నాలుగోసారి అడగడం మానేసి వస్తువు మాత్రం పైకెత్తి చూపించింది. కోడలు దానికీ జవాబు చెప్పింది. అత్తగారి కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తన చెంగుతో తుడిచింది. తన కళ్లు తడిమి చూసుకుంది. పొడిగా ఉన్నాయి.

పరీక్ష రోజు ముగ్గురే మిగిలారు. బొత్తాలావిడ, కత్తెరమ్మాయి, ఇస్త్రీ వైపు నుంచి ఒకాయన. కొనుగోలు కంపెనీ ఆవిడ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మెడలో కళ్లద్దాలు వేలాడేసుకుని కూర్చుంది. పక్కన సూపర్‌వైజరు, ఇంకో పక్క మాస్టారు. బల్ల మీద బుట్ట నిండా బట్టలు. కింద రెండు పెట్టెలు, ఒకటి మగవాళ్ల సరుకుకి, ఒకటి ఆడవాళ్ల సరుకుకి. బట్ట తీయాలి, పేరు చెప్పాలి, పెట్టెలో వేయాలి. ఒకరి తర్వాత ఒకరికి అదే బుట్ట.

ఇస్త్రీ ఆయనకి చెమటలు పట్టి చొక్కాని ఎల్ అనేశాడు. కత్తెరమ్మాయి చకచకా చెప్పింది, చకచకా వేసింది, మూడు నిమిషాల్లో బుట్ట ఖాళీ. కొనుగోలు ఆవిడ తల ఊపింది. సూపర్‌వైజరు చిరునవ్వు నవ్వాడు. ఆయనకి కత్తెరమ్మాయి దూరపు చుట్టం అవుతుందని ఫ్యాక్టరీలో తెలియనిది ఎవరికి?

బొత్తాలావిడ వంతు. రుమాలు తీసింది, తిప్పి చూసింది, చెప్పింది, వేసింది. పంట్లాం. బెల్టు తీసినప్పుడు కాస్త ఎక్కువసేపు పట్టుకుంది. సూపర్‌వైజరు దగ్గాడు. చెప్పింది, వేసింది. తర్వాత ఒక తెల్ల చొక్కా.

"లా కమీసా."

అంది గానీ వేయలేదు. చేతులు చొక్కా ముందు పట్టీ మీద పైనించి కిందికి పోయాయి. మగవాళ్ల చొక్కాకి బొత్తాలు కుడివైపు కుడతారు, ఆడవాళ్లదానికి ఎడమవైపు. ఇరవై రెండేళ్ల చేతులకి ఆ సంగతి కళ్లతో పని లేకుండా తెలుస్తుంది. ఈ చొక్కాకి ఎడమవైపు ఉన్నాయి. కాలరు లోపల చూసింది. మగవాళ్ల లేబులు కుట్టి ఉంది.

"వేయమ్మా, వేసెయ్," అన్నాడు సూపర్‌వైజరు.

"ఏ పెట్టెలో వేయమంటారు సార్?"

"లేబులు మీద ఏముంటే అందులో. ఇందాక ఇద్దరూ వేయలేదూ?"

"బొత్తాలు ఆడవాళ్లవి సార్. లేబులే తప్పు కుట్టారు."

సూపర్‌వైజరు ముఖం నల్లబడింది. మళ్లీ తమ ఫ్యాక్టరీ తప్పే, అదీ కొనుగోలు ఆవిడ ఎదురుగా. "అది తర్వాత చూద్దాం. ముందు వేసెయ్యి," అన్నాడు పళ్ల మధ్య నించి. మాస్టారు తల దించుకున్నాడు.

మామూలుగా అయితే ఆవిడ వేసేసేదే. కడుపు కూటి సంగతి, ఎదురుగా పై అధికారి, భయం ఉండాలి. భయం కోసం లోపల వెతికింది కూడా. రాలేదు. అందుకని చొక్కాని కొనుగోలు ఆవిడ ఎదురుగా బల్ల మీద పరిచింది. బొత్తాల వరస మీద వేలు పెట్టి "లా కమీసా, ముఖేర్" అంది, ఆడమనిషిది అని. కాలరు తిప్పి లేబులు చూపించి "లా ఎతికేతా, ఓంబ్రే" అంది, లేబులు మగవాడిది అని. అంతకంటే వాక్యం కట్టడం ఆవిడకి రాదు.

కొనుగోలు ఆవిడ మెడలో కళ్లద్దాలు ఎత్తి పెట్టుకుంది. చొక్కా చూసింది. అదేమీ పరీక్ష కోసం పెట్టిన మెలిక కాదు, పెట్టెలోంచి చేతికొచ్చింది తీసి బుట్టలో వేశారంతే. ఆ పెట్టె తెప్పించింది. అందులో ఇంకో పదకొండు అలాంటివే. ఆవిడ సూపర్‌వైజరుతో ఏదో చాలాసేపు మాట్లాడింది, ఆయన చాలాసేపు విన్నాడు. ఈలోపు బొత్తాలావిడ బుట్టలో మిగిలినవి తీసి, చెప్పి, వేసి, చేతులు దులుపుకుని నిలబడింది.

బయటికొచ్చాక కత్తెరమ్మాయి మూతి ముడుచుకుంది. "నేను కూడా చూడవలసింది అక్కా. పేరు చెప్పేసి చెయ్యి వదిలేశాను."

"నీకింకా వయసుంది. నిన్ను కుట్టు వైపు తీసుకుంటారు."

"నీకు గెలిచినట్టు కూడా లేదేంటి?"

ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉంటే మాస్టారు వచ్చి చెప్పాడు, కుర్చీ నీదేనమ్మా, సోమవారం నించి అని. సూపర్‌వైజరు అటు వైపు నించే వెళ్లిపోయాడు, ఇటు చూడకుండా.

ఇంటికి వెళ్లేసరికి వెలుగు ఇంకా ఉంది. పెద్దావిడ మంచం మీద కాదు, గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది, గోడ పట్టుకుని అంత దూరం వచ్చినట్టుంది.

"ఏమైందే?"

"ఇచ్చారు అత్తయ్యా. సోమవారం నించి."

పెద్దావిడ రెండు చేతులూ జోడించి నుదుటికి తాకించుకుంది. పక్కింటి వైపు తిరిగి, "వినపడిందా? మా కోడలికి లేబుళ్ల గదిలో కుర్చీ ఇచ్చారు," అంది గట్టిగా. కిటికీ వెనక కదలిక అయింది. వినపడే ఉంటుంది. తర్వాత కోడలి ముఖం వైపు చూసింది, చాలాసేపు.

"నీకు సంతోషంగా లేదూ?"

బొత్తాలావిడ చెప్పులు విడుస్తూ ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు.

"ఉండే ఉంటుంది అత్తయ్యా. ఇంకా ఇక్కడిదాకా రాలేదు."

"వస్తుందిలే," అంది పెద్దావిడ, లేవడానికి చెయ్యి చాపుతూ. "ఎక్కడో దారిలో ఉంటుంది. ముందు నన్ను లోపలికి తీసుకెళ్లు, కాళ్లు పట్టేశాయి."